మా బావ... కన్సల్టెంటు!

మీ ఇంట్లో సాఫ్ట్‌వేర్ వాళ్లెవరైనా ఉన్నారా? లేరంటే నేను నమ్మను. ఇంట్లో లేకపోతే పక్కింట్లో, పక్కింట్లో లేకపోతే మేడమీద అద్దెకు, అక్కడా లేకపోతే 'వచ్చే ఆదివారం పిల్లను చూసుకోవడానికి వస్తాం' అని కబురుపెట్టిన సంబంధంలోనైనా ఒకరుంటారు. మా ఇంట్లో ఉన్నాయన మా బావ. అక్క భర్త. ఈ పనిలోకి వచ్చి పాతికేళ్లు దాటింది. చదివింది మాత్రం మెకానికల్ ఇంజినీరింగ్. 'ఆ చదువు వృథా పోయినట్టేగా బావా' అంటే, 'ఎందుకు పోయింది? మీ అక్క మిక్సీ ఎవరు బాగుచేస్తున్నారనుకున్నావ్?' అంటారు.

మిక్సీ ఒక్కటే కాదు. బంధువుల్లో ఎవరింట్లో ఏది మొరాయించినా ఫోను ఆయనకే. టీవీ రిమోటు, ప్రింటరు, ఆధార్ కార్డులో తప్పుపడిన ఇంటిపేరు, గ్యాసు బుకింగు. 'సాఫ్ట్‌వేర్ అంటే ఇవి కాదండీ' అని చెప్పడం ఆయన ఎప్పుడో మానేశారు.

పత్రికలో పనిచేస్తాను కాబట్టి చేతిలో ఎప్పుడూ ఒక నోట్‌బుక్కు ఉండటం నా అలవాటు. ఆయన ఏదన్నా అనగానే 'బావా, ఇది రాసుకోనా?' అని నేను అడగడం, 'మా కంపెనీ పేరు రాయనంటే రాసుకో' అని ఆయన అనడం ఇంట్లో మామూలైపోయింది. ఇవి అలా పోగుపడ్డ సంగతులే.

2004లో అక్కకు ఈ సంబంధం తెచ్చిన మధ్యవర్తి, 'అబ్బాయి హైదరాబాద్‌లో కన్సల్టెంటండీ' అన్నాడు. మాది తెనాలి. అక్కడ మాకు తెలిసిన కన్సల్టెంట్లు ఒకటే రకం. 'ఆటో కన్సల్టెంట్స్' అని బోర్డు పెట్టి, దాని కింద పాత చేతక్ స్కూటర్లూ, హీరో హోండాలూ వరసగా నిలబెట్టి అమ్మేవాళ్లు. తాతయ్య ఆ మాట వినగానే తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లేచారు. 'సెకండ్‌హ్యాండ్ బళ్లమ్మే కుర్రాడికా మన పిల్లనిచ్చేది?' అని. పాపం మధ్యవర్తి కంప్యూటర్ల గురించి తనకు తెలిసిందంతా చెప్పాడు. తెలిసింది తక్కువే కాబట్టి తొందరగానే అయిపోయింది. చివరికి 'అమెరికా కూడా వెళ్లొచ్చాడండీ' అన్న ఒక్క ముక్కతో తాతయ్య మళ్లీ కుర్చీలో కూర్చున్నారు.

పెళ్లయ్యాక బావకీ సంగతి చెప్పి నవ్వబోతే ఆయన నవ్వలేదు. 'తాతయ్యగారు సరిగ్గానే కనిపెట్టారు. నేను చేసేదీ అదే' అన్నారు.

అప్పుడు అర్థం కాలేదుగానీ తర్వాత తెలిసింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం అంటే రోజూ కొత్తగా ఏదో సృష్టించేస్తుంటారని మనం అనుకుంటాం. బావ లెక్క ప్రకారం కొత్త బండి తయారుచేసే భాగ్యం ఏ ఐదేళ్లకో ఒకసారి దక్కుతుంది. మిగతా కాలమంతా ఎవరో రాసి వదిలేసిన పాత ప్రోగ్రాములకు బ్రేకులు బిగించడం, రంగు వేయడం, 'ఇంకో పదేళ్లు నడుస్తుందండీ' అని చెప్పడం. రాసినవాళ్లు ఎప్పుడో ఉద్యోగం మారి ఉంటారు. ఎందుకలా రాశారో చెప్పే దిక్కుండదు. ఒకసారి ఆయనకో ప్రోగ్రాంలో ఈ అర్థం వచ్చే మాట కనిపించిందట: దీన్ని తీసేయొద్దు, తీస్తే అంతా ఆగిపోతుంది, కారణం నాకూ తెలీదు. 'తీసేశారా?' అని అడిగాను. 'దాని కింద నా పేరు కూడా రాసి, నాకూ తెలీదు అని పెట్టాను' అన్నారు.

అసలు ఆయన ఈ రంగంలోకి వచ్చిందే ఓ పాత బండి రిపేరుకు. ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చుగానీ, వైటూకే అంటే పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. కంప్యూటర్లు కొత్తగా వచ్చిన రోజుల్లో వాటిలో చోటు బంగారమంత ఖరీదు. పొదుపుకోసం సంవత్సరాన్ని చివరి రెండంకెలతోనే రాసేవారు. 1965 అంటే 65. అంతా బాగానే నడిచింది. 1999 దగ్గర పడ్డాక వచ్చింది తంటా. 99 తర్వాత 00. అది 2000 అని మనకు తెలుసు. యంత్రం 1900 అనుకుంటే? వడ్డీలూ, పింఛన్లూ, బీమాలూ ఏం కావాలి? ఆ పాత ప్రోగ్రాముల్లో చాలావరకు 1959లో పుట్టిన కోబాల్ భాషలో రాసినవి. అమెరికాలో కుర్రాళ్లు ఆ భాషను వదిలేసి కొత్తవాటి వెంట పడితే, మన అమీర్‌పేటలో కుర్రాళ్లు అదే భాషను కూర్చుని నేర్చుకున్నారు.

1998లో బావ కూడా వాళ్లలో ఒకరు. ఎస్సార్ నగర్‌లో ఒకే గదిలో ఐదుగురు. మైత్రీవనం చుట్టుపక్కల అడుగుకో ఇన్‌స్టిట్యూటు, చేతికో కరపత్రం. డెమో క్లాసులు ఉచితం కాబట్టి, నాలుగుచోట్ల డెమోలు విని సగం కోర్సు పైసా ఖర్చు లేకుండా పూర్తిచేశానంటారు. ఆ ఏడాది నవంబరులోనే మాదాపూర్‌లో సైబర్ టవర్స్ మొదలైంది. దాన్ని చూడటానికి సెలవురోజు బస్సెక్కి వెళ్లి, బయటే నిలబడి ఫొటో దిగి వచ్చారట ఐదుగురూ. అమీర్‌పేటలో ఏదన్నా పాత గోడమీది పోస్టర్లు పొరలుపొరలుగా ఊడదీస్తే సాఫ్ట్‌వేర్ చరిత్రంతా చదవొచ్చన్నది ఆయన సిద్ధాంతం. పైన జెన్ ఏఐ, దాని కింద డెవాప్స్, ఇంకా కింద హడూప్, ఆ కింద శాప్, డాట్‌నెట్, జావా. అడుగున బంకకు అతుక్కుని కోబాల్.

2000లో అమెరికా వెళ్లారు. అక్కడ డాట్‌కామ్ బుడగ పేలడంతో 2002కి తిరిగొచ్చారు. దాని గురించి ఆయన ఎక్కువ మాట్లాడరు, నేనూ అడగను.

'బెంచి' కథ మాత్రం చెప్పి తీరాలి. 2009. అమెరికాలో మాంద్యం. ఆ జనవరి 7న సత్యం కంప్యూటర్స్ లెక్కల గుట్టు బయటపడి హైదరాబాద్ మొత్తం దిమ్మెరపోయి ఉంది. అలాంటి రోజుల్లో అక్క ఫోన్ చేసి, 'ఆయన్ని బెంచి మీద పెట్టారమ్మా' అంది. అమ్మ కంగారుపడి, 'అదేమిటే, అంత పెద్దవాణ్ణి బెంచి ఎక్కించారా? ఏం తప్పు చేశాడని?' అంది. అమ్మకు తెలిసిన బెంచి బడిలో ఎక్కి నిలబడేదే మరి. బావ తర్వాత ఓపిగ్గా చెప్పారు. 'టెంటుహౌస్ కుర్చీలు చూశారుగా అత్తయ్యా. పెళ్లికి పంపితే కుర్చీకింత అని అద్దె వస్తుంది. ముహూర్తాలు లేనప్పుడు గోడౌన్లో ఒకదానిమీద ఒకటి పెడతారు. నేనిప్పుడు గోడౌన్లో ఉన్నాను.' అమ్మ వెంటనే అంది: 'ముహూర్తాలు మళ్లీ వస్తాయిలే నాయనా.' నాలుగు నెలలకు వచ్చాయి.

కుర్చీలు హైదరాబాద్‌లో ఉన్నా పెళ్లి అమెరికాలో కదా. అందుకే అక్క ఇంట్లో గడియారం కూకట్‌పల్లిలో ఉన్నా న్యూజెర్సీ మాట వింటుంది. మార్చిలో రెండో ఆదివారం అక్కడ గంట ముందుకు జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కి. మీటింగులు దానితోపాటు జరుగుతాయి. ఆ లెక్కన నవంబరు నుంచి మా అక్క ఇంట్లో రాత్రి అన్నాలు గంట ఆలస్యం. ఎక్కడో ఎవరో గడియారం ముల్లు తిప్పితే కూకట్‌పల్లిలో చారు మళ్లీ వెచ్చబెట్టాలి.

మేనేజర్ల మీద ఆయన విసుర్లు చాలా ఉన్నాయిగానీ, ఒక్కటి చెబుతాను. పని ఆలస్యమైతే ఇంకో పదిమందిని పంపిస్తాం అంటారట. ఐబీఎంలో పెద్ద ప్రాజెక్టు నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ అనే ఆయన, ఆలస్యమైన పనిలోకి కొత్తవాళ్లను దించితే మరింత ఆలస్యమవుతుందని 1975లోనే పుస్తకం రాశారు. వచ్చినవాళ్లకు నేర్పాలంటే పాతవాళ్లు పని ఆపాలి. పైగా ఐదుగురుంటే ఒకరితో ఒకరు మాట్లాడుకునే జతలు పది. పదిమందైతే జతలు నలభై ఐదు! ఇది విని అమ్మ, 'దీనికి పుస్తకమెందుకు? సంక్రాంతికి అరిసెల పాకం దగ్గర పదిమంది నిలబడితే పాకం ముందొస్తుందా? మాటల్లో పడి ముదిరిపోతుంది' అంది. బావ ఆ మాట ఆఫీసులో చెప్పారట. అరిసెలంటే ఏమిటో చెప్పడానికే మీటింగు అయిపోయిందట.

నా పనికి సంబంధించిన సంగతి కూడా ఒకటుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక ఫాంటులో కొట్టిన తెలుగు ఇంకో కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి గీతలుగా కనబడేది. యూనికోడ్ వాడకం పెరిగాక ఆ బాధ తగ్గింది. తగ్గిందని నేను మురుస్తుంటే, 'మీ తెలుగేం తక్కువది కాదు' అన్నారు బావ. 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా ఐఫోన్లను బెంబేలెత్తించింది మన అక్షరమే. 'జ్ఞా'. జ కింద ఞ ఒత్తు, దానికి దీర్ఘం, మధ్యలో కంటికి కనిపించని ఓ సంకేతం. ఇలా కూర్చిన అక్షరం మెసేజీలో వస్తే దాన్ని తెరమీద గీయలేక ఆ యాప్ కుప్పకూలేది. ఆపిల్ కంపెనీ అదే నెల 19న దానికోసం ప్రత్యేకంగా దిద్దుబాటు విడుదల చేయాల్సి వచ్చింది. 'లక్ష రూపాయల ఫోను జ్ఞానంలో మొదటి అక్షరానికే కళ్లు తేలేసింది' అని బావ ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు.

ఇంత చిన్నదానికి అంత పెద్ద గొడవా అనిపిస్తుంది. 2024 జులై 19 గుర్తుందా? క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఓ అప్‌డేట్‌తో దాదాపు 85 లక్షల కంప్యూటర్లు నీలి తెరలై ఆగిపోయాయి. విమానాలు నిలిచిపోయాయి. తర్వాత ఆ సంస్థే చెప్పిన కారణం ఏమిటంటే, ఒకచోట 21 వివరాలు రావాలని రాసుకుని, అందించింది 20. లేని ఇరవై ఒకటోదాన్ని వెతుక్కుంటూ వెళ్లి యంత్రం పడిపోయింది. ఆరోజు హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ఓ ప్రయాణికుడికి పెన్నుతో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో దేశమంతా తిరిగింది. బావ దాన్ని తన ల్యాప్‌టాప్ తెరమీద పెట్టుకున్నారు. దేవుడి పటంలాగా.

ఎందుకంటే పెన్నుతో రాసిన లెక్క అంటే ఆయనకు వేరే భయభక్తులు ఉన్నాయి. దాని వెనక మా నాన్న కొట్టు ఉంది.

నాన్నకు తెనాలిలో ఎరువుల కొట్టు. ఎరువుల కొట్టంటే సగం అప్పుల కొట్టే. రైతు నాట్లప్పుడు బస్తాలు తీసుకెళ్తాడు, పంట అమ్మాక ఇస్తాడు. ఆ లెక్కలన్నీ ఎర్ర అట్ట వేసిన పొడుగాటి ఖాతా పుస్తకంలో. 2013 సంక్రాంతికి వచ్చిన బావ, 'మామయ్యగారూ, ఇదంతా కంప్యూటర్లో పెట్టిస్తాను. వడ్డీ దానంతటదే కడుతుంది, గడువు రాగానే వాళ్ల ఫోన్లకు మెసేజీ కూడా వెళ్తుంది' అన్నారు. అల్లుడి మాట కాదనలేక నాన్న సరేనన్నారు.

మొదటి చిక్కు గడువు దగ్గరే వచ్చింది. 'ఈయన ఎప్పుడిస్తారు?' అంటే నాన్న, 'పంటొచ్చాక' అన్నారు. 'పంటెప్పుడొస్తుంది?' 'కాలవకు నీళ్లెప్పుడు వదిలితే అక్కణ్నుంచి లెక్క.' 'నీళ్లెప్పుడు వదులుతారు?' నాన్న కళ్లజోడు తీసి ఆయన వంక చూశారు. కంప్యూటరేమో తారీఖు వేయందే ముందుకు పోదు. చివరికి అందరికీ మార్చి 31 అని వేసేశారు. మూడు రాత్రులు కూర్చుని పుస్తకం మొత్తం ఎక్కించారు. నేనే పేర్లు చదివి చెప్పాను. కొన్ని పేజీల మూలలు మడతపెట్టి ఉన్నాయి. వాడకంలో నలిగాయనుకున్నారు బావ, సాపుచేసి మరీ ఎక్కించారు.

మార్చి 31 సాయంత్రం మెసేజీలు వెళ్లాయి. ఆ రాత్రి నాన్న భోజనం దగ్గర నుంచి లేచి, బండి తీసుకుని కొల్లిపర వైపు వెళ్లిపోయారు. మడతపెట్టిన పేజీల్లో ఒకటి అక్కడి రైతుది. రెండు నెలల కింద కొడుకు పోయాడు ఆయనకు. ఆ ఫోను కొడుకుదే. ఇంట్లో అలాగే చార్జింగు పెట్టి ఉంచుతున్నారట. దానికి మెసేజీ వచ్చింది, బాకీ కట్టమని.

పేజీ మడత అంటే 'ఈ ఏడు అడగొద్దు' అని. నాన్న ముప్ఫై ఏళ్లుగా పెట్టుకుంటున్న గుర్తు. ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

నాన్న రాత్రి పదకొండింటికి తిరిగొచ్చారు. 'ఏమన్నారు?' అని అమ్మ అడిగితే, 'మంచినీళ్లిచ్చారు' అన్నారు, అంతే. అల్లుణ్ని ఒక్క మాట అనలేదు. ఫోన్లో సంగతి తెలిశాక బావ మర్నాడే బయల్దేరి వచ్చారు. ప్రోగ్రాంలో 'అడగొద్దు' అని ఒక గడి పెట్టారు. తారీఖు లేకపోయినా ముందుకు పోయేలా మార్చారు. నాన్న కంప్యూటరు మానేయలేదు, ఇప్పటికీ వడ్డీ దానితోనే కడతారు. మడతలు మాత్రం పుస్తకంలోనే. ఆ రైతు తర్వాతి సంక్రాంతికి వచ్చి బాకీ మొత్తం తీర్చి, పాత పుస్తకంలోనే కొట్టివేయించుకుని వెళ్లారు.

తర్వాత సర్కారు మిషన్లు కూడా కొట్టుకు వచ్చాయి. 2018 నుంచి రైతు వేలిముద్ర పడందే ఎరువు బస్తా కదలదు. పొలంలో అరిగిపోయిన వేళ్లను ఆ మిషను ఒక్కోసారి పోల్చుకోలేదు. 'ఈ వేళ్లు నేను పోలుస్తానయ్యా' అని నాన్న మిషనుతో అంటుంటారు.

బావ ఇప్పుడు కొత్తగా చేరిన పిల్లలకు పాఠాలు చెప్పే స్థాయికి వచ్చారు. మొదటిరోజు కంప్యూటరు తెరవనివ్వరు. ఈ ఖాతా పుస్తకం కథే చెబుతారు. 'మడతలేవో అడగండి' అంటే ఆ టీములో అందరికీ అర్థమవుతుందట. ఏదన్నా ప్రాజెక్టు మొదలుపెట్టేముందు వాళ్లు రాసుకునే కాగితంలో 'మడతలు' అని ఒక శీర్షికే ఉందట. అమెరికావాళ్లు కూడా దాన్ని 'మడతాలూ' అని పలుకుతూ నింపుతారని చెప్పారు. ఇది మాత్రం కొంచెం ఎక్కువ చెప్పారేమోనని నా అనుమానం.

ఈ మధ్య ఆయన హాస్యంలో ఉప్పు కాస్త తగ్గింది. కారణం మీకూ తెలిసిందే. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక అంతా మారింది. ఒకరోజు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చూపించారు. ఏం కావాలో రెండు వాక్యాలు కొడితే, అరవై లైన్ల ప్రోగ్రాం జలజలా రాలిపడింది. 'అమీర్‌పేటలో మూడు నెలలు నేర్చుకున్నది ఇది' అన్నారు. 'తప్పుల్లేవా?' అంటే, 'ఉన్నాయి. నావీ ఉండేవి. దీనికి జీతం అక్కర్లేదు' అన్నారు. 'మడతలు అడుగుతుందా బావా?' అంటే కాసేపు ఆలోచించారు. 'అడగమంటే అడుగుతుంది. అడగమనాలని తెలిసినవాడు ఒకడుండాలి. కానీ అలాంటివాళ్లు ఎంతమంది కావాలంటావ్, నూటికి?' అని నన్నే అడిగారు.

2025 జులై నెలాఖరులో టీసీఎస్ తన సిబ్బందిలో 2 శాతం, అంటే 12 వేల పైచిలుకు మందిని తగ్గించుకుంటానని చెప్పింది. ఎక్కువగా మధ్యస్థాయి, పైస్థాయి వాళ్లనే. బావకు నలభై తొమ్మిది. ఆయన పనిచేసేది అక్కడ కాకపోయినా ఆ వార్త చదివి పేపరు నాలుగు మడతలు పెట్టి పక్కన పెట్టారు. తెల్లవారుజామున ఐదింటికే లేచి ఏవో ఆన్‌లైన్ పాఠాలు వింటున్నారని అక్క చెప్పింది. 'ఈసారి డెమో క్లాసులు ఉచితం కాదట' అంటూ నవ్వబోయి ఊరుకుంది. ఆయన మాత్రం, 'నాకేం ఢోకా లేదు, 2038 ఉంది' అంటున్నారు. పాత కంప్యూటర్లు కొన్ని 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెట్టుకుంటూ వస్తున్నాయి. వాటిలో ఆ అంకె పట్టే చోటు 214 కోట్ల 74 లక్షల 83 వేల 647 దగ్గర నిండిపోతుంది. అది 2038 జనవరి 19న. మరో వైటూకే అన్నమాట. 'అప్పటికి నాకు అరవై రెండు. పాత బండి రిపేరుకు పాత మేస్త్రీనే పిలుస్తారు చూడు!'

టీసీఎస్ వార్త రావడానికి మూడు వారాల ముందే ఇంట్లో అసలు పరీక్ష వచ్చింది. అక్క కూతురు ఎప్‌సెట్ కౌన్సెలింగ్. వెబ్ ఆప్షన్లు పెట్టాలి. ఇన్నాళ్లూ చుట్టాల పిల్లలందరికీ 'కళ్లు మూసుకుని సీఎస్‌ఈ తీసుకోండి' అని ఫోన్లో చెప్పిన మనిషి తన పిల్ల దగ్గరకొచ్చేసరికి నోరు విప్పరు. పిల్లేమో మెకానికల్ చదువుతానంది. తండ్రి మిక్సీ విప్పుతుంటే పక్కన స్క్రూలు పట్టుకుని పెరిగిన పిల్ల మరి. అక్క గొల్లుమంది. 'ఆ సీట్లు మిగిలిపోతున్నాయే, ఎవరూ తీసుకోవడం లేదే' అని. ఆ పిల్ల చాట్‌జీపీటీని అడిగింది. అది అటు పది, ఇటు పది కారణాలు చెప్పి, రెండూ మంచివే, నీ ఆసక్తిని బట్టి నిర్ణయించుకో అంది. 'నాన్నా, ఇది అచ్చం కన్సల్టెంటులాగే మాట్లాడుతోంది' అంది పిల్ల. మూడు రోజుల తర్వాత ఆ ఇంట్లో అందరం నవ్వింది అప్పుడే.

'నువ్వెందుకు మానేశావ్ నాన్నా మెకానికల్?' అని అడిగింది.

'ఉద్యోగాల్లేక.'

'మరిప్పుడు నీదాంట్లో ఉంటాయా?'

బావ నావైపు చూశారు. నోట్‌బుక్కు నా ఒళ్లోనే ఉంది, తెరవలేదు.

ఆఖరిరోజు సాయంత్రం పిల్ల లిస్టు పూర్తిచేసింది. మొత్తం నలభై రెండు ఆప్షన్లు. మొదటిది మెకానికల్. రెండు, మూడు కూడా అవే. నాలుగోది మాత్రం అక్కకోసం సీఎస్‌ఈ. బావ వెనక నిలబడి కిందిదాకా జరిపి చూశారు, మళ్లీ పైకి వచ్చారు. మౌసు మీద నుంచి చెయ్యి తీసేశారు. ఈలోగా అమెరికా మీటింగు వేళైంది. చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని లోపలి గదిలోకి వెళ్లిపోయారు.

పిల్ల బటన్ నొక్కింది. ఓటీపీ ఆయన ఫోనుకు వెళ్లింది.

'నాన్నా, ఓటీపీ!' అని హాల్లోంచి కేకేసింది. మీటింగులో ఎవరో ఏదో అడుగుతున్నారు. బావ వాళ్లను ఒక్క నిమిషం ఆగమని, మైకు ఆపేసి, ఫోను కళ్లకు దూరంగా పట్టుకుని ఒక్కో అంకె చదవడం మొదలుపెట్టారు.

'మెల్లగా నాన్నా' అంది పిల్ల.

మళ్లీ మొదటినుంచి చదివారు.